యాక్సెస్ డేటాబేస్‌లో ఎవరికి ఎంత అనుమతి: తాళం ఎక్కడ పడుతుంది, ఎక్కడ పడదు

మీ ప్రశ్న నాకెలా అర్థమైందో ముందు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. ఎనిమిది మంది ఒకే నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఉన్న ఒక మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైలు వాడుతున్నారు. ఎంట్రీ చేసేవాళ్లు కొత్త రికార్డులు చేర్చాలి గానీ పాతవి ముట్టుకోకూడదు. సూపర్‌వైజర్లు మార్చవచ్చు. జీతాల వివరాలు ఇద్దరికి తప్ప ఇంకెవరికీ కనబడకూడదు. దీనికోసం మీరు ఒక లాగిన్ ఫారం తయారుచేసి, యూజర్ల పేర్లూ పాస్‌వర్డ్‌లూ ఒక టేబుల్లో పెట్టారు. ఒకతను షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని ఫైలు తెరిచేసరికి మీ లాగిన్ ఫారమే రాలేదు, నేరుగా టేబుళ్లు కనబడ్డాయి. పాత వెర్షన్లలో యూజర్లకీ గ్రూపులకీ విడివిడిగా అనుమతులిచ్చే మెనూ ఉండేదని విన్నారు, ఇప్పుడు అది ఎక్కడుందని అడుగుతున్నారు.

ఆ మెనూ ఉండేది, నిజమే. ఎండీబీ ఫైళ్ల (యాక్సెస్ పాత రకం ఫైళ్ల) కాలంలో వర్క్‌గ్రూప్ ఫైలు అని ఒకటి పక్కన ఉండేది, యూజర్లూ గ్రూపులూ అందులో ఉండేవి. యాక్సెస్ 2007తో ఏసీసీడీబీ ఫార్మాట్ వచ్చినప్పుడు, ఆ కొత్త ఫార్మాట్‌లో ఈ సదుపాయాన్ని పూర్తిగా తీసేశారు. దానికోసం మళ్లీ ఎండీబీకి వెనక్కి వెళ్దామన్న ఆలోచన మాత్రం పెట్టుకోకండి. అడ్మిన్ అనే డిఫాల్ట్ యూజర్ ప్రపంచంలో ఉన్న ప్రతి యాక్సెస్‌లోనూ ఒక్కడే. ఆ అడ్మిన్ పేరు మీదున్న యాజమాన్యాన్ని జాగ్రత్తగా తీసేయకపోతే, వేరే కంప్యూటర్‌లో మామూలు యాక్సెస్‌తో ఫైలు తెరిచినవాడు కూడా యజమానే అయిపోయేవాడు. సెక్యూరిటీ పెట్టామని ధీమాగా ఉండి, ఈ ఒక్క అడుగు మర్చిపోయిన ఫైళ్లు నేను చాలానే చూశాను.

ఇక అసలు విషయం. ఇది అర్థమైతే మిగతా నిర్ణయాలన్నీ మీరే తీసుకోగలరు.

యాక్సెస్‌లో సర్వర్ అంటూ ఏదీ లేదు. డేటాబేస్ ఇంజిన్ ఎవరి కంప్యూటర్‌లో వాళ్లకే నడుస్తుంది, నెట్‌వర్క్ ఫోల్డర్‌లోని ఫైలును అదే నేరుగా చదువుతుంది, అదే రాస్తుంది. మధ్యలో నిలబడి "నువ్వెవరు, నీకు ఈ వరుస చూసే హక్కుందా" అని అడిగేవాడు ఎవడూ లేడు. అంటే ఒక మనిషి ఒక్క కొత్త రికార్డు చేర్చాలన్నా, అతని విండోస్ ఖాతాకి ఆ ఫైలు మొత్తాన్నీ చదివే, రాసే హక్కు ఉండి తీరాలి. మొత్తం చదవగలిగినవాడు మొత్తం కాపీ కూడా చేసుకోగలడు. మీరు ఫారాల్లో ఎంత కోడ్ రాసినా ఈ సంగతి మారదు.

అందుకని మీ అవసరాన్ని రెండుగా చీల్చండి. "ఎంట్రీవాళ్లు పాతవి మార్చకూడదు" అన్నది పొరపాట్లను ఆపే పని. దీన్ని ఫారాలతో చాలా బాగా చేయవచ్చు. "జీతాలు ఎవరికీ కనబడకూడదు" అన్నది రహస్యం కాపాడే పని, ఇది ఫారాలతో కాదు. ఒకచోట నేను జీతాల ఫారానికి మూడు రకాల తనిఖీలు పెట్టి, దాని బటన్ కూడా మిగతావాళ్లకి కనబడకుండా చేశాను. పని చక్కగా కుదిరిందనే అనుకున్నాను. కొన్నాళ్లకి అక్కడి ఒక ఉద్యోగి ఎక్సెల్‌లోంచి ఆ ఫైలుకి కనెక్షన్ పెట్టుకుని, టేబుళ్ల జాబితాలో జీతాల టేబుల్ ఎంచుకుని, షీట్‌లోకి దించుకున్నాడు. అతనికి దురుద్దేశమేమీ లేదు, ఏదో నెలవారీ రిపోర్టు కోసం వెతుకుతున్నాడు. నా మూడు తనిఖీలూ అతనికి ఎదురే పడలేదు.

కాబట్టి జీతాలతోనే మొదలుపెట్టండి. ఆ టేబుళ్లను వేరే ఏసీసీడీబీ ఫైలులోకి తీసి, వేరే ఫోల్డర్‌లో పెట్టండి. ఆ ఫోల్డర్‌కి ఆ ఇద్దరి విండోస్ ఖాతాలకే అనుమతి ఉంచండి. ఆ ఇద్దరి ప్రోగ్రాంలో మాత్రమే ఆ టేబుళ్లకి లింకు ఇవ్వండి. ఇప్పుడు కాపలా కాసేది మీ కోడ్ కాదు, విండోస్. మిగతా ఆరుగురు ఎక్సెల్‌తో వచ్చినా, ఖాళీ డేటాబేస్‌లోంచి లింకు పెట్టబోయినా, ఫోల్డర్ దగ్గరే ఆగిపోతారు. డెస్క్‌టాప్ డేటాబేస్‌లో మీకు దొరికే నిజమైన తాళం ఇదొక్కటే అనుకోండి. దీనికో మూల్యం ఉంది: రెండు వేర్వేరు ఫైళ్లలో ఉన్న టేబుళ్ల మధ్య రిఫరెన్షియల్ ఇంటిగ్రిటీని (ఒక టేబుల్లోని వరుసకి ఇంకో టేబుల్లో జత తప్పక ఉండాలన్న నియమాన్ని) యాక్సెస్ అమలు చేయదు. అంటే మొదటి ఫైలులో ఉద్యోగి రికార్డు తీసేసినా, రెండో ఫైలులో అతని జీతం వరుస అనాథగా ఉండిపోతుంది. అలాంటి వరుసలు పట్టుకునే క్వెరీ (డేటాని అడిగి తీసుకునే ఆదేశం) ఒకటి రాసుకుని నెలకోసారి నడపండి. అసలు ఉద్యోగుల రికార్డుల్ని తొలగించకుండా, "పనిలో లేరు" అని ఒక ఫీల్డులో గుర్తు పెట్టుకోవడం ఇంకా మేలు.

ఇక మిగతా డేటా. మీ ఫైలు ఇంకా ఒకటిగానే ఉంది కాబట్టి ముందు దాన్ని రెండుగా విడగొట్టండి. డేటాబేస్ టూల్స్ ట్యాబ్‌లో యాక్సెస్ డేటాబేస్ అన్న బటన్ ఉంటుంది, అదే చేసిపెడుతుంది. టేబుళ్లన్నీ బ్యాక్ ఎండ్ ఫైలులోకి వెళ్తాయి. ఫారాలు, క్వెరీలు, రిపోర్టులు, కోడ్ ఫ్రంట్ ఎండ్‌లో ఉంటాయి. ఫ్రంట్ ఎండ్ కాపీ ఎవరిది వాళ్ల కంప్యూటర్‌లోనే ఉండాలి. ఒకే ఫ్రంట్ ఎండ్‌ని అందరూ నెట్‌వర్క్‌లోంచి తెరవడం అన్నది ఫైలు పాడవడానికి దగ్గరి దారి.

బ్యాక్ ఎండ్ ఉన్న ఫోల్డర్‌కి ఎనిమిది మందికీ చదివే హక్కు, రాసే హక్కు ఉంటే చాలదు. కొత్త ఫైలు సృష్టించే హక్కు, తొలగించే హక్కు కూడా కావాలి. మొదట తెరిచినవాళ్ల కంప్యూటర్ ఆ ఫోల్డర్‌లోనే ఒక లాక్ ఫైలు సృష్టిస్తుంది, చివర్లో మూసినవాళ్లతో అది పోతుంది. చాలామంది అతి జాగ్రత్తతో ఈ హక్కు తీసేసి, "ఒకరు తెరిస్తే ఇంకొకరికి తెరుచుకోవడం లేదు" అని తలపట్టుకుంటారు. తొలగించే హక్కు ఇచ్చామంటే బ్యాక్ ఎండ్ ఫైలునే ఎవరైనా డిలీట్ చేయవచ్చు కదా అని మీకు అనుమానం రావాలి. చేయవచ్చు. అందుకే రోజువారీ బ్యాకప్ వాళ్లెవరికీ హక్కులేని మరో ఫోల్డర్‌లోకి వెళ్లాలి.

బ్యాక్ ఎండ్‌కి పాస్‌వర్డ్ పెట్టండి, కానీ అది దేనికి పనికొస్తుందో తెలిసి పెట్టండి. ఫైలును ఎక్స్‌క్లూజివ్‌గా (ఇంకెవరూ తెరవని విధంగా) తెరిచి, ఫైల్ మెనూ ఇన్ఫోలో పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసే ఆప్షన్ వాడాలి. పాత ఎండీబీ పాస్‌వర్డ్ పేరుకే పాస్‌వర్డ్, దాన్ని క్షణంలో బయటపెట్టే టూల్స్ ఉండేవి. యాక్సెస్ 2010 నుంచి ఏసీసీడీబీకి ఏఈఎస్ అనే గట్టి పద్ధతి ఎన్‌క్రిప్షన్ వస్తోంది, పొడవైన పాస్‌వర్డ్ పెడితే అది గట్టిదే. పెన్‌డ్రైవ్‌లో బ్యాకప్ పోయినా, ఎవరో బయటివాళ్లకి ఫైలు చిక్కినా, అది కాపాడుతుంది. మీ ఎనిమిది మంది నుంచి మాత్రం కాపాడదు. ఎందుకంటే లింకు చేసినప్పుడు ఆ పాస్‌వర్డ్ ఫ్రంట్ ఎండ్‌లోని దాచిన సిస్టమ్ టేబుల్లో, లింకు వివరాల పక్కనే, మామూలు అక్షరాల్లో కూర్చుంటుంది. సిస్టమ్ ఆబ్జెక్ట్స్ చూపించమని టిక్కు పెట్టిన ఎవరికైనా అది కనబడుతుంది. ఈ కారణంగానే జీతాల ఫైలుకి వేరే పాస్‌వర్డ్ ఉండాలి. ఇంకోటి, ముందు పాస్‌వర్డ్ పెట్టి తర్వాత లింకు చేయండి. లింకులు ముందే ఉంటే అవి పనిచేయవు, మళ్లీ చేసుకోవాలి. పాస్‌వర్డ్ మర్చిపోతే తిరిగి ఇచ్చే మెనూ ఏదీ లేదు, ఎక్కడైనా భద్రంగా రాసి పెట్టుకోండి.

మీ లాగిన్ ఫారం గురించి. నిర్మొహమాటంగా చెప్తాను, దాన్ని తీసేయండి. ఎనిమిది మందికీ వేర్వేరు విండోస్ ఖాతాలుంటే, వాళ్లు పొద్దున్నే ఒకసారి పాస్‌వర్డ్ కొట్టే లోపలికి వచ్చారు. మళ్లీ మీరు అడగడం ఎందుకు? విండోస్ పేరు తీసుకుని మీ యూజర్ల టేబుల్లో వెతికి, పాత్ర ఏమిటో చూసుకోండి. దాచాల్సిన పాస్‌వర్డ్‌లే మీ దగ్గర లేకపోతే, అవి లీకయ్యే టెన్షనూ లేదు. పేరు తీసుకునేటప్పుడు విండోస్ సెట్టింగ్ వేరియబుళ్లను చదివే ఎన్విరాన్ ఫంక్షన్ వాడకండి. కమాండ్ ప్రాంప్ట్‌లో యూజర్‌నేమ్ అన్న వేరియబుల్‌కి ఇంకొకరి పేరిచ్చి, అక్కడ్నుంచే యాక్సెస్ తెరిస్తే అది ఆ దొంగపేరునే నిజమనుకుంటుంది. దాని బదులు విండోస్ ఏపీఐలోని (ప్రోగ్రాంలు విండోస్‌నే నేరుగా అడిగే ఫంక్షన్లలోని) గెట్‌యూజర్‌నేమ్‌ని పిలవండి, ఇది ఆ వేరియబుల్ వైపు చూడదు.

అందరూ ఒకే కంప్యూటర్‌లో, ఒకే విండోస్ ఖాతాతో పనిచేస్తుంటే మాత్రం పాస్‌వర్డ్ ఫారం తప్పదు. అప్పుడు మూడు చోట్ల చెయ్యి కాలుతుంది. ఒకటి, పాస్‌వర్డ్‌ని యథాతథంగా టేబుల్లో పెట్టడం. ప్రతి యూజర్‌కీ ఒక యాదృచ్ఛిక సాల్ట్ (అదనపు అక్షరాల ముక్క) కలిపి హ్యాష్ చేసిన, అంటే వెనక్కి మార్చలేని రూపంలోకి తెచ్చిన విలువనే దాచాలి. ఇన్‌పుట్ మాస్క్‌లో పాస్‌వర్డ్ అని పెడితే చుక్కలు కనబడతాయి గానీ, అది తెరమీది ముసుగు మాత్రమే, లోపల అక్షరాలు అలాగే ఉంటాయి. రెండోది, యాక్సెస్ మాడ్యూళ్లలో డిఫాల్ట్‌గా ఉండే పోలిక పద్ధతి చిన్నబడి, పెద్దబడి అక్షరాల తేడా చూడదు. సమానం గుర్తుతో పోలిస్తే ఏ అక్షరాన్ని ఎలా కొట్టినా పాస్‌వర్డ్ సరిపోయినట్టే. స్ట్ర్‌కాంప్ ఫంక్షన్‌ని బైనరీ పోలికతో వాడాలి. మూడోది అన్నిటికన్నా ప్రమాదం. టేబుల్లోంచి ఒక విలువ వెతికి తెచ్చే డీలుకప్ ఫంక్షన్‌లోకి యూజర్ టైప్ చేసిన పాఠాన్ని కొటేషన్ల మధ్య అతికించి షరతు తయారుచేస్తారు. అక్కడ ఎవరైనా పేరుకు బదులు ఒక కొటేషన్ మూసి, ఆర్ అని రాసి, ఎప్పుడూ నిజమయ్యే ముక్క ఒకటి చేరిస్తే, షరతు అందరికీ నిజమైపోతుంది, పాస్‌వర్డ్ లేకుండానే తలుపు తెరుచుకుంటుంది. టైప్ చేసినదాన్ని షరతులో అతికించకుండా విడి విలువగా పంపే పారామీటర్ క్వెరీ వాడితే ఈ గొడవ ఉండదు.

అనుమతుల టేబుళ్లు ఎలా పెట్టాలంటే: యూజర్లు ఒకటి, పాత్రలు ఒకటి, ఏ పాత్రకి ఏ ఫారంలో ఏం చేయవచ్చో చెప్పే అనుమతుల టేబుల్ ఒకటి. ఈ మూడో దాంట్లో పాత్ర, ఫారం పేరు, ఆపైన చూడటం, చేర్చటం, మార్చటం, తొలగించటం అనే నాలుగు అవును-కాదు ఫీల్డులు ఉంటే చాలు. ఫలానా యూజర్ అయితే ఈ బటన్ చూపించు అని మనిషి పేరుతో కోడ్ రాయకండి. ఆ మనిషి సెలవు పెట్టిన రోజున మీరు కోడ్ మార్చుకుంటూ కూర్చుంటారు. ఇంకో నియమం: టేబుల్లో వరుస లేకపోతే అనుమతి లేనట్టే లెక్క. వరుస లేకపోతే ఉన్నట్టు అనుకునే పద్ధతిలో, కొత్త ఫారం చేర్చి అనుమతులు రాయడం మర్చిపోయిన రోజున అది అందరికీ తెరుచుకుంటుంది.

ప్రతి ఫారం ఓపెన్ ఈవెంట్‌లో ఒకే ఉమ్మడి ఫంక్షన్‌ని పిలిపించండి. చూసే హక్కు లేకపోతే అక్కడే క్యాన్సిల్. ఉంటే అలోఅడిషన్స్ (చేర్చటం), అలోఎడిట్స్ (మార్చటం), అలోడిలీషన్స్ (తొలగించటం) అనే మూడు ప్రాపర్టీలను అనుమతుల టేబుల్‌ని బట్టి మార్చాలి. ఇక్కడ చాలామంది బోల్తాపడేది అలోఎడిట్స్ దగ్గర. దాన్ని కాదు అని పెడితే, డేటాకి సంబంధం లేని వెతుకుడు కాంబో బాక్స్ కూడా బిగుసుకుపోతుంది, ఎంట్రీవాళ్లు ఏమీ వెతకలేరు. అలాంటి ఫారాల్లో అలోఎడిట్స్‌ని అలాగే వదిలేసి, ట్యాగ్ ప్రాపర్టీలో గుర్తు పెట్టిన కంట్రోళ్లను (ఫారం మీది పెట్టెలు, బటన్లను) ఒక లూప్‌తో ఒక్కొక్కటిగా లాక్ చేయండి. సబ్‌ఫారాలకు (ఒక ఫారం లోపల ఉండే ఫారాలకు) మెయిన్ ఫారం సెట్టింగులు వాటంతటవి రావు, వాటికి విడిగా చేయాలి. పైగా సబ్‌ఫారం మెయిన్ ఫారం కన్నా ముందే లోడ్ అవుతుంది కాబట్టి, మెయిన్ ఫారం ఏదో చెప్తుందని అది ఎదురుచూసేలా కోడ్ రాయకండి.

మీ ఎంట్రీవాళ్ల విషయంలో ఒక సలహా. "సేవ్ అయ్యాక ముట్టుకోకూడదు" అన్న నియమం కాగితం మీద బాగుంటుంది. వాడుకలో ఏమవుతుందంటే, అంకె తప్పు పడిందని తెలిసిన మనిషి దాన్ని దిద్దలేక మళ్లీ కొత్తగా ఎంట్రీ చేస్తాడు, మీకు డూప్లికేట్లు పేరుకుంటాయి. తాను చేర్చిన రికార్డుని ఆ రోజు వరకు తానే దిద్దుకోనివ్వండి. ఎవరు చేర్చారు, ఎప్పుడు చేర్చారు అనే రెండు ఫీల్డులు టేబుల్లో ఉంటే, ఫారం కరెంట్ ఈవెంట్‌లో (ఒక రికార్డు నుంచి ఇంకోదానికి వెళ్లినప్పుడల్లా నడిచేదానిలో) అవి చూసి లాక్ తీయడమో వేయడమో చేయవచ్చు. అనుమతులు మరీ బిగిస్తే జనం మీ ప్రోగ్రాంని వదిలేసి ఎక్సెల్‌లో పక్కలెక్కలు మొదలుపెడతారు, ఆ లెక్కల మీద మీకు ఏ అదుపూ ఉండదు.

పాత్ర ఏమిటో ఒకసారి కనుక్కున్నాక దాన్ని మామూలు గ్లోబల్ వేరియబుల్లో పెట్టకండి, ఎక్కడైనా ఎర్రర్ వచ్చి కోడ్ రీసెట్ అయితే అది ఖాళీ అవుతుంది. టెంప్‌వార్స్ అనే యాక్సెస్ సొంత వేరియబుళ్ల సదుపాయం 2007 నుంచి ఉంది, అందులో పెడితే అలా పోదు.

షిఫ్ట్ కీ సంగతికి వస్తే, కరెంట్ డేటాబేస్ ఆప్షన్లలో నావిగేషన్ పేన్ (టేబుళ్లూ ఫారాల జాబితా చూపే పక్క పట్టీ) దాచండి, దాన్ని మళ్లీ తెరిపించే యాక్సెస్ స్పెషల్ కీస్ తీసేయండి. కోడ్ ద్వారా షిఫ్ట్ కీని పనిచేయనివ్వాలో వద్దో చెప్పే అలోబైపాస్‌కీ అన్న ప్రాపర్టీని సృష్టించి కాదు అని పెట్టండి. ఇది మెనూల్లో ఎక్కడా దొరకదు. సృష్టించేటప్పుడు చివరి ఆర్గ్యుమెంట్ ట్రూ ఇవ్వండి. దీనిముందు ఫ్రంట్ ఎండ్ కాపీ ఒకటి పక్కన పెట్టుకోండి, లేకపోతే మీ ఇంటికి మీరే బయట గొళ్లెం పెట్టుకున్నట్టవుతుంది. తర్వాత ఆ ఫ్రంట్ ఎండ్‌ని ఏసీసీడీఈ అనే తాళం వేసిన ఫైలు రకంగా మార్చి పంచండి. అందులో కోడ్ సోర్సు ఉండదు, ఫారాల డిజైన్ ఎవరూ మార్చలేరు. టేబుళ్లూ క్వెరీలూ మాత్రం మామూలుగానే ఉంటాయి. 32 బిట్ ఆఫీస్‌లో చేసిన ఏసీసీడీఈ 64 బిట్‌లో తెరుచుకోదు, మీ ఎనిమిది కంప్యూటర్లలో ఏది ఉందో ముందే చూసుకోండి. అసలు ఏసీసీడీబీని ఎప్పటికీ పారేయకండి, మార్పులు చేయగలిగేది అందులోనే.

ఇవన్నీ చేశాక కూడా, కొంచెం తెలిసినవాడు ఇంకో డేటాబేస్‌లోంచి నాలుగు లైన్ల కోడ్‌తో అలోబైపాస్‌కీని మళ్లీ అవును చేయగలడు. నేను వీటిని కిటికీకి వేసే కర్టెన్ అనే చూస్తాను. మామూలు మనుషులు తప్పుదారి పట్టకుండా ఉంటారు, అందుకే చేయండి. జీతాల్ని ఆ కర్టెన్ వెనక పెట్టకండి.

ఎవరు ఏం మార్చారో నమోదు చేయడం గురించి మీరు అడగలేదు గానీ, సూపర్‌వైజర్లకి మార్చే హక్కిస్తున్నప్పుడు ఇది కావాలి. యాక్సెస్ 2010 నుంచి టేబుళ్లకే డేటా మాక్రోలు (డేటా మారగానే వాటంతటవే నడిచే ఆదేశాలు) పెట్టవచ్చు. ఫారం దాటి నేరుగా టేబుల్లో మార్చినా అవి నడుస్తాయి, పాత విలువనీ సమయాన్నీ ఇంకో టేబుల్లో రాస్తాయి. విండోస్ పేరు వాటంతట వాటికి తెలియదు. అందుకని ఫారం బిఫోర్ అప్‌డేట్ ఈవెంట్‌లో "చివరగా మార్చినవారు" అన్న ఫీల్డు నింపితే, మాక్రో దాన్ని తీసుకుంటుంది. ఎవరైనా నేరుగా టేబుల్లో మారిస్తే పాత పేరే పడుతుందన్నది గుర్తుంచుకోండి.

ఇంకా గట్టిది కావాలంటే, బ్యాక్ ఎండ్‌ని ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి (మైక్రోసాఫ్ట్ వాళ్ల సర్వర్ డేటాబేస్‌కి) మార్చడం. ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఉచితం. 2022 వెర్షన్‌లో ఒక్కో డేటాబేస్‌కి 10 జీబీ పరిమితి, యాక్సెస్ ఫైలుకి ఉన్న 2 జీబీ కన్నా చాలా నయం. మీ ఫారాలు అలాగే ఉంటాయి, టేబుళ్లకి ఓడీబీసీ (ప్రోగ్రాంని వేరే డేటాబేస్‌తో కలిపే పద్ధతి) లింకు ఇస్తారు. అక్కడ నిజంగానే వాకిట్లో మనిషి ఉంటాడు. ఎంట్రీ పాత్రకి సెలెక్ట్ (చదవడం), ఇన్సర్ట్ (చేర్చడం) ఇచ్చి అప్‌డేట్ (మార్చడం), డిలీట్ (తొలగించడం) ఇవ్వకపోతే ఎక్సెల్‌లోంచి వచ్చినా సర్వర్ ఒప్పుకోదు. ఇన్సర్ట్ ఒక్కటే ఇస్తే సరిపోదా అనుకోకండి. యాక్సెస్ కొత్త వరుస చేర్చగానే దాన్ని మళ్లీ చదివి చూపించాలనుకుంటుంది, సెలెక్ట్ లేకపోతే అక్కడ తడబడుతుంది. సర్వర్‌తో విండోస్ ఆథెంటికేషన్‌తోనే, అంటే ఎవరి విండోస్ ఖాతాతో వాళ్లనే కలపండి. అలా కాక, ఒకే సర్వర్ యూజర్ పేరూ పాస్‌వర్డూ అందరి ఫ్రంట్ ఎండ్‌లోనూ పెట్టేస్తే, ఇంత పని చేసి మళ్లీ బయలుదేరిన చోటికే వచ్చినట్టు.

ఎనిమిది మందికి, ఒక్క జీతాల టేబుల్ కోసం ఇప్పుడే సర్వర్‌కి వెళ్లనక్కర్లేదని నా అభిప్రాయం. జీతాలతో పాటు ఇంకో రెండు మూడు రకాల రహస్య డేటా, ఒక్కోటీ ఒక్కో గుంపుకి అన్నప్పుడు వెళ్లండి. ఫైళ్లు పెంచుకుంటూ పోతే అనాథ వరుసల వెంట పరిగెత్తడంతోనే సరిపోతుంది.

అన్నీ అయ్యాక ఎంట్రీ చేసే ఒకరి విండోస్ ఖాతాతో కూర్చుని ప్రయత్నించండి. షిఫ్ట్ నొక్కి తెరవండి. ఖాళీ డేటాబేస్ ఒకటి సృష్టించి, అందులోంచి రెండు బ్యాక్ ఎండ్‌లకీ లింకు పెట్టడానికి చూడండి. ఎక్సెల్‌లోంచీ చూడండి. మామూలు బ్యాక్ ఎండ్‌కి దారి దొరకవచ్చు, పాస్‌వర్డ్ ఎక్కడుందో తెలిస్తే. జీతాల ఫోల్డర్ మాత్రం యాక్సెస్ డినైడ్ అనాలి. అది తెరుచుకుంటే ఫోల్డర్ హక్కుల్లో ఎక్కడో ఎవ్రీవన్ అన్న గ్రూపు మిగిలిపోయి ఉంటుంది, ముందు అక్కడ చూడండి.

మీ వాళ్లందరికీ వేర్వేరు విండోస్ ఖాతాలు ఉన్నాయో లేవో, ఆఫీస్ 32 బిట్టో 64 బిట్టో చెప్తే, ఓపెన్ ఈవెంట్‌లో పిలిచే ఆ ఉమ్మడి ఫంక్షన్ ఎలా రాయాలో విడిగా రాస్తాను.